ఇల్లాలి ఆదర్శం సరే, తాళాల గుత్తి ఎవరి చేతిలో?

తెల్లవారకముందే కళ్లాపి, ముగ్గు. తలలో పూలు, నేతచీర, రాగి బిందెలో నీళ్లు, మట్టిచట్టిలో పప్పు, భర్తకూ పిల్లలకూ క్యారియర్లు. ఫోన్ తెరిస్తే ఇలాంటి వీడియోలు వరసగా వస్తాయి. ఇంజినీరింగ్ చదివి, కొన్నేళ్లు ఉద్యోగం చేసి, ఇష్టపడి ఇంటిపట్టున ఉండిపోయినవాళ్లు వీటిని తీస్తున్నారు. ఆఫీసుకు వెళ్తూనే నోములూ వ్రతాలూ వదులుకోలేనివాళ్లు చూస్తున్నారు. అమెరికాలో ఇలాంటి ధోరణిని 'ట్రాడ్‌వైఫ్' అంటున్నారు. అక్కడివాళ్లు తలుచుకునేది 1950ల నాటి శివారు ఇంటిని, ఒక్క జీతంతో గడిచిన సంసారాన్ని. మన వీడియోల వెనకున్నది పెరడు, పాడి, పండుగలు ఉన్న ఉమ్మడి ఇల్లు. రెండింటి లెక్కలూ వేరు.

కోరి ఎంచుకున్న జీవితాన్ని ఎగతాళి చేయాల్సిన పని ఎవరికీ లేదు. అయితే ఈ వీడియోల్లో ఎక్కడా కనిపించనివి కొన్ని ఉన్నాయి: బ్యాంకు పాస్‌బుక్కు, ఇంటి దస్తావేజు, లాకరు తాళం. పాతకాలపు ఇల్లాలి గౌరవం నిలబడింది ఇలాంటి వాటి మీదే. పూలూ ముగ్గులూ ఆ తర్వాతి సంగతి.

పాత ఇంట్లో ఎవరి పని ఏమిటి

'కార్యేషు దాసీ, కరణేషు మంత్రీ' అనే శ్లోకం పెళ్లిళ్లలో తరచూ వినపడుతుంది. ఇల్లాలికి అది చెప్పే ఆరు గుణాల్లో రెండోది మంత్రిలా ఆలోచన చెప్పడం. ఉపన్యాసాల్లో దాసి దగ్గరా, అన్నం పెట్టే తల్లి దగ్గరా ఆగినంతసేపు మంత్రి దగ్గర ఎవరూ ఆగరు. కాస్త భూమి ఉన్న ఇంట్లో మాత్రం పెద్ద ఇల్లాలు నిజంగానే మంత్రి. గాదెలో ఎన్ని బస్తాలున్నాయి, విత్తనానికి ఎంత ఉంచాలి, పాలేరుకు కొలిచే గింజలెన్ని, ఏడాదికి ఎన్ని జాడీల ఆవకాయ పట్టాలి, కూతురి పురిటికి ఏం దాచాలి అన్న లెక్క ఆమెది. పాలూ నెయ్యీ అమ్మగా వచ్చిన డబ్బు చాలా ఇళ్లలో ఆమె చేతి కిందే తిరిగేది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి ఆ అధికారానికి గుర్తు. అది కొత్త కోడలికి వెంటనే దక్కేది కాదన్నదీ నిజమే. అత్తగారి చేతి నుంచి రావడానికి ఏళ్లు పట్టేది, కొందరికి ఎప్పటికీ వచ్చేది కాదు. ఆ ఇంటిని స్వర్గంగా వర్ణించేవాళ్లు ఈ మాట దాటేస్తారు.

ఇంకో మాట కూడా దాటేస్తారు. ఆడది గడప దాటకపోవడమే మన సంప్రదాయమన్నది కొన్ని కులాల, కొంత ఆస్తి ఉన్న ఇళ్ల అనుభవం. వరినాట్లు, కలుపు, పత్తి ఏరడం ఎప్పుడూ ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగాయి. పోచంపల్లి, మంగళగిరి నేత ఇళ్లలో మగ్గం మీద మగవాడు కూర్చున్నా కండెలు చుట్టడం, నూలు సిద్ధం చేయడం ఇంటి ఆడవాళ్ల పని. నాటు వేసే ఆమె చీర ఎగ్గట్టి గోచీ పోస్తుంది. పనిని బట్టి కట్టు మార్చుకోవడం ఆ చీరకు కొత్త కాదు. రోజూ ఆఫీసుకు చీర కట్టాలా వద్దా అన్న చర్చకు ఇంతకుమించి చోటు ఇవ్వనక్కర్లేదు.

ఇక మనుషుల లెక్క. ఉమ్మడి ఇంట్లో అత్త, ఇద్దరు ముగ్గురు తోడికోడళ్లు, పెళ్లి కాని ఆడపడుచు, పైన చాకలి, పనివాళ్లు. ఆవకాయ రోజున పక్కింటివాళ్లు కూడా కత్తిపీటలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇంతమంది పంచుకున్న పనిని ఇప్పుడు రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఒక్కరు చేయబోతారు. జాబితా అదే, చేతులు మాత్రం రెండు. ఈ ఆదర్శాన్ని తలకెత్తుకున్న చాలా ఇళ్లు మొదట దెబ్బ తినేది ఇక్కడే, ఆమె ఓపిక చాలకపోవడం వల్ల కాదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనిలో ఏదో ఒకటి చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చేసినవాళ్లు రోజుకు వెచ్చించిన సమయం ఆడవాళ్లకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. 2024 సర్వేకు వచ్చేసరికి ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. మిక్సీ, గ్యాసు, వాషింగ్ మెషీను, ఇంటికే వచ్చే సరుకులు ఇన్ని ఉన్నా ఇంకా దాదాపు ఐదు గంటలు.

నోముకు గడువుంది, ఇంటిపనికి లేదు

శ్రావణ మంగళగౌరీ నోము తీరు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టి ఐదేళ్లు పడతారు. మొదటి ఏడు ఐదుగురు ముత్తైదువలకు, రెండో ఏడు పది మందికి, ఇలా ఐదో ఏటికి పాతిక మందికి వాయనాలిస్తారు. తర్వాత ఉద్యాపన. దాంతో నోము తీరినట్టే, మళ్లీ పట్టనక్కర్లేదు. పని ఏటేటా పెరుగుతుంది, కానీ ఎక్కడ ఆగుతుందో మొదటి రోజే తెలుసు. కొత్త కోడలికి ఐదేళ్లలో పాతికమంది ఆడవాళ్లతో పరిచయం ఏర్పడటం దీనివల్ల ఒనగూడే లౌకిక ప్రయోజనం. కొత్త ఊళ్లో ఆమెకు ఆపదలో తలుపు తట్టగల ఇళ్లు అవే. ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలో వాయనాలు వాచ్‌మన్ చేత పంపిస్తే శనగలు చేరతాయి, ఆ పరిచయం చేరదు. పేరంటాన్ని కుదించక తప్పకపోతే వంటను కుదించి మనుషుల్ని ఉంచుకోవడం మేలు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

వరలక్ష్మీ వ్రతం ఉద్యోగినులకు ఏటా పరీక్షే. వ్రతానికి తప్పనిసరి అయినవి కలశం, తొమ్మిది పోగులూ తొమ్మిది ముళ్లూ ఉన్న తోరం, పూజ, కథ, నైవేద్యం, వాయనం. తొమ్మిది రకాల పిండివంటలు శక్తి ఉన్నవాళ్లకు. అమ్మవారికి చీర కట్టి, నగలు పెట్టి, వెనక తెర కట్టే అలంకరణకు మూడు నాలుగు గంటలు పోవడం ఫొటోల కాలం తెచ్చిన బరువు. పున్నమికి ముందు వచ్చే శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో మరో శుక్రవారం చేసుకోవచ్చన్నది పెద్దలు ఎప్పటినుంచో ఇస్తున్న వెసులుబాటే.

పూర్ణం బూరెలు మానలేని ఇళ్లలో పనిని రెండు రోజులకు విడగొట్టవచ్చు. గ్లాసు పచ్చిశనగపప్పుకు గ్లాసు బెల్లం. పైపిండికి ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యం నాలుగు గంటలు నానాలి. గురువారం సాయంత్రం పప్పును మెత్తగా, కానీ ముద్ద కాకుండా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి, మెదిపి, బెల్లంతో దగ్గరపడే దాకా కలపాలి. చల్లారాక ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెడితే శుక్రవారం పొద్దున ముంచి వేయించడమే మిగులుతుంది. పాతిక బూరెలకు అరగంట చాలు. బూరె నూనెలో పగిలిందంటే నీళ్లు సరిగా వార్చలేదని, పూర్ణం పల్చబడిందని. పొర నిలవక జారిపోతే పైపిండి పల్చనైందని. రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే సర్దుకుంటుంది. మడి పట్టింపు ఉన్న ఇళ్లలో రాత్రి వండినది నైవేద్యానికి పనికిరాదు. అక్కడ బూరెల జోలికి పోకుండా పరమాన్నం, నానబెట్టిన శనగలతో సరిపెట్టుకోవడమే తెలివి. పొద్దున నాలుగింటికి లేచి బూరెలు వండి, తొమ్మిదింటికి ఆఫీసు మీటింగులో కూర్చోబోతే ఏదో ఒకటి చెడుతుంది. ఎక్కువసార్లు చెడేది పూజ దగ్గరి మనశ్శాంతి.

రోజువారీ ఇంటిపనికి ఉద్యాపన లేదు. అందుకే ఆ గీత ఇంట్లోవాళ్లే గీసుకోవాలి. ఇంటిపట్టున ఉండే భార్యకు కూడా పని ముగిసే వేళ ఒకటి ఉండాలి. రాత్రి ఎనిమిదిన్నర అయితే ఎనిమిదిన్నర. ఆ తర్వాతి అంట్లు, పిల్లల బట్టలు, మర్నాటి కూరగాయలు ఇద్దరివీ. 'నేను సంపాదిస్తున్నాను, నువ్వు ఇల్లు చూస్తున్నావు' అన్న పంపకంలో ఒకరి పని సాయంత్రం ఆరుకు అయిపోయి, రెండోవారిది నిద్రపోయేదాకా సాగితే దాన్ని పంపకం అనలేం.

స్త్రీధనం, పసుపు కుంకుమ, పోపుల డబ్బా

సంప్రదాయంలో ఆడదాని చేతికి డబ్బు మూడు దారుల్లో వచ్చేది. పెళ్లిలో పెట్టిన నగలూ కానుకలూ స్త్రీధనం. పుట్టింటివాళ్లు కూతురికి రాసిచ్చే పొలం పసుపు కుంకుమ. ఇంటి ఖర్చులో మిగిల్చి దాచుకున్నది పోపుల డబ్బా డబ్బు. ఈ మూడింటినీ నేటి చట్టం ఏదో ఒక తీరుగా గుర్తిస్తుంది. సంప్రదాయం పాటిస్తామనే ఇళ్లే వీటిని ముందు వదిలేయడం విడ్డూరం.

స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, భర్త చేతిలోనో అత్తింటి బీరువాలోనో ఉన్నంత మాత్రాన వాళ్లది కాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. తేలనిదల్లా ఏ నగ ఎవరు పెట్టారన్న రుజువు. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు పెళ్లి కానుకలకు జాబితా రాయమంటాయి. ఒక్కో వస్తువు వివరం, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి, వధువూ వరుడూ ఇద్దరూ సంతకం చేయాలి. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసే అలవాటు ఎలాగూ ఉంది. నూటపదహార్లు ఎవరు చదివించారో అణా పైసలతో రాస్తారు. నగల జాబితాకు ఇంకో రెండు పేజీలు, బిల్లుల జిరాక్సులు, నగల ఫొటోలు చేరిస్తే సరిపోతుంది. పెళ్లిరోజున ఇలాంటి మాటెత్తడం అపశకునమనుకునేవాళ్లు నిశ్చితార్థం మర్నాడే కూర్చుని రాసుకోవచ్చు.

నగలు లాకర్లో పెట్టేటప్పుడు లాకరు ఆమె పేరున, లేదా ఇద్దరి పేరున ఎవరైనా తెరవగలిగేలా ఉండాలి. భర్త, మామగారి పేర్లతో ఉన్న లాకరును ఆమె తెరవలేదు. లాకర్లో ఉన్నదానికంతా బ్యాంకు పూచీ అనుకోవద్దు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. 4,000 రూపాయల అద్దె లాకరుకు అది 4 లక్షలు. నేటి బంగారం ధరల్లో ఒక వడ్డాణానికీ చాలదు.

పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలం విషయంలో తప్పు ఎప్పుడూ ఒక్క చోటే జరుగుతుంది. 'ఆ ఎకరం నీదేనమ్మా' అని తండ్రి అంటాడు, కౌలు డబ్బు కూతురికి పంపుతుంటాడు, రికార్డుల్లో పేరు మాత్రం మారదు. తండ్రి పోయాక పాస్‌బుక్కు అన్నదమ్ముల పేరున వస్తుంది. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు పత్రం ఉండాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. నోటిమాటను నమ్ముకుని కోర్టుకెళ్లినవాళ్లకు దారి చాలా కష్టం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్ట్ దస్తావేజు చేయించి, రెవెన్యూ రికార్డుల్లో పేరు ఎక్కించుకున్నాకే ఆ పొలం ఆమెది. పిత్రార్జితంలో వాటా వేరే సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది, 2005లో అది పెళ్లయినవాళ్లతో సహా దేశమంతటికీ వచ్చింది. పసుపు కుంకుమ ఇచ్చాం కాబట్టి వాటా లేదనడానికి వీల్లేదు. వదులుకుంటే ఆమె తెలిసే, రిజిస్టరు పత్రం మీదే వదులుకోవాలి.

పోపుల డబ్బా సంగతి పన్నుల శాఖ దాకా వెళ్లింది. 2016 నోట్ల రద్దు సమయంలో గృహిణులు తమ ఖాతాల్లో వేసుకున్న రెండున్నర లక్షల లోపు మొత్తాన్ని లెక్క చూపని ఆదాయంగా చూడరాదని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి 2021లో చెప్పింది. ఇప్పుడు ఆ డబ్బును డబ్బాలోనే ఉంచడం తెలివితక్కువ. ఇంటిపట్టున ఉండే భార్య పేరున నెలనెలా కొంత మొత్తం, ఇంటి ఖర్చుతో సంబంధం లేకుండా, ఆమె ఒక్కతే తీయగల ఖాతాలో పడాలి. భర్త జీతం పడిన రోజునే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టుకుంటే అడిగి తీసుకునే అవస్థ ఉండదు. ఒక చిక్కుంది: భర్త ఇచ్చిన డబ్బుతో ఆమె పేరున ఎఫ్‌డీ వేస్తే దాని వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆ వడ్డీని తిరిగి మదుపు చేస్తే దాని మీద వచ్చేది ఆమె లెక్కలోకి వస్తుంది. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో, అంటే పీపీఎఫ్‌లో, వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ చిక్కు రాదు. ఏడాదికి లక్షన్నర దాకా వేయవచ్చు, గడువు 15 ఏళ్లు.

నెల్లూరు జిల్లాలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన ఆడవాళ్లు సంసారాన్ని కాపాడుకోవాలన్న మాటతోనే బయటికొచ్చారు. మరుసటి ఏడు అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వెంటే అదే జిల్లాలో రోజుకో రూపాయి చొప్పున దాచే 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టాయి. ఇల్లాలి ఆదర్శం, చేతిలో సొంత డబ్బు ఒకదానికొకటి అడ్డు కావని అప్పుడే తేలిపోయింది, అదీ పెద్దగా చదువుకోని ఆడవాళ్ల మధ్య.

ఉద్యోగం మానేముందు

ఉద్యోగం మాని ఇంట్లో ఉండాలనుకునే ఆమె చివరి జీతం తీసుకునేలోపు చూసుకోవాల్సినవి కొన్ని. ఉద్యోగుల పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. అంతకన్నా తక్కువ ఉంటే పింఛను వాటా డబ్బు తీసుకునే బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎప్పుడైనా తిరిగి చేరితే పాత సర్వీసు కొత్తదానితో కలుస్తుంది. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది, భర్త కంపెనీ బీమాలో చేరితే ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్లే అది. కుటుంబానికి సొంత పాలసీ ఒకటి ముందే తీసుకోవాలి. పాత జబ్బులకు వేచి ఉండే కాలం అప్పటినుంచే మొదలవుతుంది. డాక్టర్లు, నర్సులు, లాయర్లు రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వకూడదు. పెళ్లితో ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. మార్చుకుంటే మాత్రం ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ అన్నింటిలో మార్చాలి. ఒకదాంట్లో పాత పేరు, ఇంకోదాంట్లో కొత్త పేరు ఉన్నప్పుడే క్లెయిములు ఆగిపోతాయి.

ఒక్క జీతం ఇంటికి జీవిత బీమా తప్పదు. పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలకు ట్రస్టుగా ఉంటుంది. భర్తకు అప్పులిచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. వ్యాపారం చేసే ఇళ్లకు ఇది చాలా ముఖ్యం. ఆ ఎంపిక ప్రపోజల్ ఫారం నింపేటప్పుడే చేయాలి, పాలసీ వచ్చాక చేర్చడం కుదరదు.

ఇంటి చాకిరీకి విలువ కట్టడం మన కోర్టుల్లో ఎక్కువగా మనిషి పోయాకే జరుగుతోంది. 2021 జనవరిలో కీర్తి కేసులో రోడ్డు ప్రమాదంలో మరణించిన గృహిణికి ఆదాయం లెక్కించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన తెలుగువాడు, జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో పైన చెప్పిన 299, 97 నిమిషాల లెక్కనే ఉదహరించారు. బతికుండగా విడిపోతే మాత్రం భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో భార్యకు తనంతట వాటా ఇచ్చే చట్టం, గోవాను మినహాయిస్తే, మన దేశంలో లేదు. భరణం ఉంది, అది ఆస్తిలో వాటా కాదు. భర్త గల్ఫ్‌లో సంపాదిస్తుంటే ఇక్కడ ఇల్లు నడిపిన భార్యకు ఆస్తిలో సగం ఉందని మద్రాసు హైకోర్టు 2023లో ఒక కేసులో అంది. కరీంనగర్, కడప, కోనసీమల్లో అలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ఒక్కొక్కరూ కోర్టుకెక్కి గెలుచుకోవాల్సిందే తప్ప ఆ తీర్పు అందరికీ ఆస్తి రాసిచ్చేది కాదు. అందుకే ఫ్లాటు కొనే రోజునే దస్తావేజులో ఇద్దరి పేర్లూ, చెరి సగమని స్పష్టంగా రాయించుకోవడం అన్నిటికన్నా తేలిక. తెలిసిన ఆదాయంతో భార్య పేరున కొంటే బినామీ చట్టం అడ్డు రాదు.

'ఆయనదంతా నాదే కదా' అన్న నమ్మకం భర్త వీలునామా రాయకుండా పోయిన రోజున చెదిరిపోతుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకు, ఒక్కో సంతానానికి, ఆయన తల్లికి సమాన వాటాలు. ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటే భార్యకు వచ్చేది నాలుగో వంతే. బ్యాంకు ఖాతాకు నామినీ అయినంత మాత్రాన డబ్బుకు యజమాని కాదు. వారసుల తరఫున తీసుకునేవారు మాత్రమే. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, అది చూసి సంతకం చేసిన ఇద్దరు సాక్షులు కావాలి. ఆ ఇద్దరూ ఆస్తి పొందేవాళ్లు కాకపోవడం మంచిది.

భార్య కూడా రాయాలి, ఈ మాట దాదాపు ఎవరూ చెప్పరు. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె ఆస్తి మొదట భర్తకు వెళ్తుంది. భర్త కూడా లేకపోతే భర్త వారసులకు, వాళ్లెవరూ లేకపోతేనే ఆమె తల్లిదండ్రులకు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినదానికి మాత్రం మినహాయింపు ఉంది, అది పుట్టింటికే తిరిగి వెళ్తుంది. పెళ్లిలో కానుకగా పెట్టిన నగలు వారసత్వం కిందికి రావు. తల్లి తన మెడలోంచి తీసి కూతురికి వేసిన కాసుల పేరు కూడా, కాగితం లేకపోతే, ఆ తల్లి కన్నా ముందు అల్లుడి అన్నదమ్ములకు చేరవచ్చు.